మా చదువుల చరిత్ర – 17: నోట్లో పెట్టే చెయ్యి



పోయిన ఆదివారం స్కాలర్‌షిప్పుల గురించి రాశాను. 1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా అంబేద్కర్ ఇచ్చిన మెమొరాండం, 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, దాని మీద చదువుకున్న మన తరాలు. అది చదివి చాలామంది ఇన్‌బాక్సులో ఒకటే అడిగారు. "అన్నా, స్కాలర్‌షిప్ సరే. ముందు సీటు రావాలి కదా? నీట్ సంగతి ఎప్పుడు రాస్తావ్?"

ఈ భాగం దాని గురించే. అయితే ఎంబీబీఎస్ గురించి కాదు, పళ్ళ డాక్టరు చదువు గురించి. ఎందుకంటే మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చరిత్ర అదే.

మా అన్న కూతురు రెండోసారి నీట్‌కి కూర్చుంటోంది. మొన్న అప్లికేషన్ నింపడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళాం. ఎస్సీ కాబట్టి ఫీజు వెయ్యి రూపాయలు. కులం సర్టిఫికెట్, ఫొటో, వేలిముద్రలు అన్నీ అయ్యాక ఒక గడి దగ్గర ఆగింది. ప్రశ్నాపత్రం ఏ భాషలో కావాలి? ఒకసారి నొక్కితే తర్వాత మార్చడం కుదరదు. నెట్ సెంటర్ కుర్రాడు "ఇంగ్లిష్ కొట్టెయ్యనా?" అన్నాడు. నేను కూడా కొట్టమనే అనబోయాను. అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బాబాయ్, తెలుగు కొడితే రెండు భాషలూ పక్కపక్కన ఇస్తారు. ఇంగ్లిష్ కొడితే ఒక్కటే వస్తది. రెండు ఉంటే నష్టమేంది?"

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్ల అది. ప్రతి మాటా రెండుసార్లు నేర్చుకుంది. ఆ రెండుసార్లు నేర్చుకోవడాన్ని నేను ఇన్నాళ్ళూ లోపం అనుకున్నాను. అది దాన్ని ఆయుధం చేసుకుంది. (ఒక్క జాగ్రత్త మాత్రం రాసే పిల్లలందరూ గుర్తుపెట్టుకోండి. రెండు భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే ఖాయం అని రూల్స్‌లో రాసి ఉంటుంది.)

"ఎంబీబీఎస్ రాకపోతే డెంటల్" అని అందరూ అంటారు. ఇది మాత్రం మొదటి నుంచీ డెంటలే అంటోంది. ఎందుకో చెప్పాలంటే మా ఊరి నీళ్ళ గురించి చెప్పాలి.

మాది కనిగిరి వైపు. మా పల్లెలో నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పుడే వస్తుంది. గార పళ్ళు. పసుపు, గోధుమ రంగు చారలు, ముదిరితే గుంటలు. దీనికి కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్. పన్ను చిగురులో తయారయ్యే వయసులోనే అది పింగాణీ పొరను పాడుచేస్తుంది. పన్ను బయటికొచ్చాక ఎంత తోమినా పోదు. మన ప్రాంతంలో ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని పరీక్షించి ఇది ఫ్లోరోసిస్ అని రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. అంటే జబ్బు పేరు తెలిసి ఎనభై ఏళ్ళు దాటింది. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదన్న లెక్క కూడా మన ప్రభుత్వమే పెట్టింది. ఊరి మంచినీళ్ళ బావి మా తాతలకు లేదు. మాకు బోరు వేశారు. బోరు నీళ్ళు మా పళ్ళ మీద సంతకం పెట్టాయి.

మా పిల్ల ఏడో తరగతిలో ఉండగా బడికి పళ్ళ క్యాంపు వచ్చింది. వచ్చిన డాక్టరు టార్చి వేసి చూసి, "ఏమ్మా, పళ్ళు తోముకోవా?" అన్నాడట అందరి ముందూ. ఆ ఏడాదంతా బడిలో అదే పేరు దానికి. తొమ్మిదో తరగతిలో సైన్స్ మేడం ఫ్లోరైడ్ గురించి చెప్పినరోజు ఇంటికొచ్చి ఏడ్చింది. "నేను తోముకుంటానే బాబాయ్. ఆయనకే తెలీదు" అని. అప్పుడు అనుకుందట, తెలిసిన డాక్టరు ఒకరు ఉండాలని.

ఇక్కడి నుంచి అసలు చరిత్రలోకి వస్తాను.

పళ్ళ డాక్టరు అంటే ఎవరు? ఎదుటి మనిషి నోట్లో చెయ్యి పెట్టే మనిషి. ఈ దేశంలో అంతకు మించిన అంటు ఇంకోటి ఉందా? కులం మొత్తం నోటి చుట్టూ కట్టిన గోడ. ఎవరి చేతి నీళ్ళు తాగాలి, ఎవరి వంట తినాలి, ఎవరి ఎంగిలి ఎవరికి తగలకూడదు. పీష్వాల పూనాలో అంటరానివాడు మెడకు మట్టిముంత కట్టుకుని తిరగాలి, వాడి ఉమ్ము నేల మీద పడితే ఆ నేల తొక్కిన సవర్ణుడు మైలపడతాడు కాబట్టి. అంబేద్కర్ 1936లో కులనిర్మూలనలో ఈ సంగతి రాశారు. మన ఉమ్ము నేలకు తగిలితేనే మైల అన్న దేశంలో, మన చెయ్యి వాళ్ళ నోట్లోకి వెళ్ళే చదువు ఇది.

తిరగేసి కూడా చూడండి. 1929 డిసెంబరులో గాంధీ నడిపిన యంగ్ ఇండియాలో ఒక ఉత్తరం అచ్చయింది. కథియవాడ్‌లో ఒక దళిత స్కూలు మాస్టారు రాసింది. ఆయన భార్య ప్రసవించిన రెండు రోజులకు జబ్బుపడింది. డాక్టరు రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలి, రెండు రూపాయల ఫీజు ఒప్పుకుంటే, వాడలోకి మాత్రం అడుగుపెట్టనని షరతు పెట్టి వచ్చాడు. బాలింతను పసిబిడ్డతో సహా వాడ బయటికి తీసుకురావలసి వచ్చింది. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు. ఆయన భర్తకు ఇచ్చాడు. భర్త ఆమెకు పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి వెళ్ళింది. న్యుమోనియా అన్నాడు, మందు పంపాడు, మళ్ళీ చూడటానికి రాలేదు. ఆ తల్లి చనిపోయింది. అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ ఉత్తరాన్ని దాచిపెట్టారు.

ఆ థర్మామీటరు మూడు చేతులు మారింది ఆమె నోటికి భయపడి కాదు, ఆమె కులానికి భయపడి. ఇది చదివాక "మెడిసిన్ సీట్లలో రిజర్వేషన్ ఎందుకు, ప్రాణాలతో చెలగాటమా" అనేవాళ్ళకు నేను ఒక్కటే చెప్తాను. ప్రాణాలతో చెలగాటం ఆడింది ఎవరో 1929లోనే అచ్చయింది. ఆ డాక్టరుకు మెరిట్ లేకకాదు.

ఇక గేటు సంగతి. ఈ గేటు ఎప్పుడు ఎవరు ఎలా మార్చారో వరసగా చెప్తాను.

మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టారు. మన వైపు 1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చింది, 1946లో గుంటూరులో వచ్చింది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రం. అక్కడ జస్టిస్ పార్టీ కాలం నుంచి కమ్యూనల్ జీవోలు ఉన్నాయి. రాజ్యాంగం అమల్లోకొచ్చేనాటికి మెడికల్, ఇంజినీరింగ్ సీట్ల లెక్క ఇలా ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. నాలుగు మెడికల్ కాలేజీల్లో కలిపి ఉన్నవి 330 సీట్లు.

దీని మీద చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ కోర్టుకు వెళ్ళింది. ఆమె ఆ ఏడాది మెడికల్ సీటుకు అప్లై కూడా చెయ్యలేదు. వాకబు చేస్తే రాదని తెలిసింది, అందుకని కేసు. ఇది నా మాట కాదు, తీర్పులోనే ఉంది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. న్యాయమంత్రిగా ఉన్న అంబేద్కర్ పార్లమెంటులోనే ఆ తీర్పు మీద అసంతృప్తి చెప్పారు. జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) పుట్టింది. ఈ రోజు మన పిల్లల చేతిలో ఉన్న ప్రతి కాలేజీ సీటు వెనక ఆ ఒక్క క్లాజు ఉంది. రాజ్యాంగం అమల్లోకొచ్చి ఏడాదిన్నర కాకముందే సవరించాల్సి వచ్చిందంటే, అందులో ముఖ్యమైన కారణం మెడికల్ కాలేజీ గేటు. గుర్తుపెట్టుకోండి.

1959లో హైదరాబాద్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా డెంటల్ విభాగం మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ అదే. మన ఆంధ్రలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు చాలా ఆలస్యంగా, విజయవాడలో, కడపలో వచ్చాయి. ఈలోపు ప్రైవేటు కాలేజీలు లేచాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఎంసెట్ ఆ రోజుల్లోనే మొదలైంది. ఒకటే పరీక్ష, ఒకటే ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం సీటు. కాగితం మీద చాలా న్యాయమైన గేటు.

కానీ గేటు పక్కనే దుకాణాలు వెలిశాయి. గుంటూరు, విజయవాడ, గుడివాడ. లాంగ్ టర్మ్ అనే మాట తెలుగు మాటైపోయింది. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు ఏ పనీ చెయ్యకుండా తిని, కూర్చుని, చదవగలిగినవాడికి ర్యాంకు. మిరపచేను కౌలుకు చేసే ఇంట్లో, తొడిమలు తీసే కూలి ఇంట్లో, పద్దెనిమిదేళ్ళ పిల్లని ఏడాది ఊరికే కూర్చోబెట్టడం అంటే ఎంత ఖర్చో లెక్క కట్టండి. ఫీజు ఒక్కటే కాదు, రాని కూలి కూడా ఖర్చే.

1996లో నేనూ ఎంసెట్ రాశాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి, తెలుగు అకాడమీ పుస్తకాలు తప్ప వేరే ముక్క చూడకుండా. ఓఎంఆర్ షీటు అనేదాన్ని మొదటిసారి పరీక్ష హాల్లోనే చూశాను. పెన్సిల్‌తో గుండ్రాలు దిద్దడంలోనే అరగంట పోయింది. రాలేదు. ర్యాంకు కార్డు ఇంకా మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. చాలా ఏళ్ళు నాకు తెలివి లేదనుకున్నాను. ఆ ఏడాది నేను ఓడింది బయాలజీలో కాదని అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

అయినా ఎంసెట్‌కి ఒక గుణం ఉంది. అది మన ఇంటర్ పుస్తకం మీద జరిగే పరీక్ష. మన లెక్చరర్ చెప్పిన పాఠంలోంచే ప్రశ్న. సంక్షేమ గురుకులాల పిల్లలు ఆ పుస్తకాన్ని నమిలి మింగి సీట్లు తెచ్చుకోవడం మొదలెట్టారు. మనవాళ్ళకు తాళం తీయడం వచ్చేసరికి గేటు మార్చారు.

2013 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు ఒకరు ఒకవైపుగా నీట్ చెల్లదని చెప్పింది. 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది మెడికల్ చట్టంతో పాటు డెంటిస్టుల చట్టాన్ని కూడా సవరించి దేశమంతా ఒకే పరీక్ష అన్నారు. 2017 నుంచి మన పిల్లలకు ఎంసెట్ ర్యాంకుతో బీడీఎస్ లేదు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, సరైనదానికి 4, తప్పుకి ఒకటి కోత. పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ.

ఒక విచిత్రం చెప్పనా? మన తెలుగు అకాడమీ ఇంటర్ జువాలజీలో జీర్ణవ్యవస్థ పాఠం ఉంది. కుంతకాలు, రదనికలు, చర్వణకాలు, దంతసూత్రం, అన్నీ ఉన్నాయి. మా పిల్ల ఆ పాఠాన్ని అందరికంటే ముందు బట్టీ పట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు భారం తగ్గిస్తున్నామంటూ ఆ పాఠాన్ని మొత్తం తీసేశారు. 2024 నీట్ సిలబస్‌లోంచి కూడా పోయింది. అంటే పళ్ళ డాక్టరు కావడానికి రాసే పరీక్షలో పళ్ళ పాఠం లేదు. ఆ సంగతి దానికి నేనే చెప్పాను. పగలబడి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

నవ్వు రాని సంగతి కూడా రాయాలి. 2017 సెప్టెంబరు 1న తమిళనాడులోని అరియలూరు జిల్లా దళిత అమ్మాయి అనిత ప్రాణం తీసుకుంది. మూటలు మోసే తండ్రి కూతురు. పన్నెండో తరగతిలో 1200కి 1176 తెచ్చుకుంది. పాత గేటైతే డాక్టరు. కొత్త గేటు దగ్గర 720కి 86 వచ్చాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఆ పిల్ల. మరుసటి ఏడాది తమిళ ప్రశ్నాపత్రంలో 49 ప్రశ్నల అనువాదం తప్పులతడక అని మద్రాసు హైకోర్టు 196 మార్కులు కలపమంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తమిళనాడు ప్రభుత్వ బడి పిల్లలకు 2020లో 7.5 శాతం సీట్లు విడిగా పెట్టుకుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ ఊసే ఎత్తలేదు.

ఈ పోస్టు చదివే పిల్లలకు ఒక మాట. అనిత పేరు నేను మీకు చెప్పేది ఆమె చావుని గొప్ప చేయడానికి కాదు. ఆ 1176 ఆమెది. దాన్ని ఏ పరీక్షా చెరపలేదు. మీకు గుండె బరువెక్కితే ఎవరితోనైనా మాట్లాడండి, ఏ రాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యండి. మీరు బతికుండటం సీటు కంటే పెద్ద సంగతి.

ఇప్పుడు మెరిట్ గురించి. దీని మీదే మనల్ని తరాలుగా తిడుతున్నారు కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

నీట్‌లో అర్హత అంటే జనరల్ వాళ్ళకు 50వ పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40వ పర్సెంటైల్. 40 పర్సెంటైల్ అంటే 40 శాతం మార్కులు కాదు. రాసిన వందమందిలో నలభైమంది కంటే పైన ఉండటం. ఈ పది తేడా చూపించే కదా "కోటా డాక్టర్లు" అని జోకులేసేది?

సరే, వినండి. 2020-21లో దేశంలో సుమారు 7 వేల బీడీఎస్ సీట్లు మిగిలిపోయాయి. ఎక్కువ భాగం ప్రైవేటు కాలేజీల్లో. డెంటల్ కౌన్సిల్ ఏమంది? అర్హత 20 పర్సెంటైల్ తగ్గించమంది. కేంద్రం కుదరదంది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు 10 పర్సెంటైల్ తగ్గించమని తీర్పిచ్చింది. జనరల్ 40 అయింది. అంటే మన పిల్లలు నిలబడితే "మెరిట్ హత్య" అన్న అదే గీత దగ్గర, ఆ ఏడాది జనరల్ పిల్లలు నిలబడ్డారు. ఒక్క టీవీలోనైనా చర్చ పెట్టారా? ఒక్క డాక్టర్ల సంఘమైనా తెల్లకోట్లు వేసుకుని రోడ్డు ఊడ్చిందా? అదే తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, ప్రైవేటు డెంటల్ కాలేజీలు ఫీజులు తగ్గించే సంగతి ఆలోచించాలని. గీత తగ్గింది. ఫీజుల సంగతి మీకు తెలిసిందే.

2023 సెప్టెంబరులో నీట్ పీజీ అర్హతను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సెంటైల్ చేశారు. సున్నా! పరీక్ష రాస్తే చాలు. ఎందుకు? సీట్లు మిగిలిపోతున్నాయి కాబట్టి. నేను దాన్ని తప్పు అనడం లేదు. సీటు ఖాళీగా ఉండేకంటే ఎవరో ఒకరు చదవడం మంచిదే. నా ప్రశ్న ఒక్కటే. గీత జరపడం ఇంత తేలికైనప్పుడు, అది మన కోసం పది గీతలు జరిగినప్పుడు మాత్రమే దేశం ఎందుకు మునిగిపోతుంది?

దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. పోయినసారి మా పిల్లకు అర్హత వచ్చింది, సీటు రాలేదు. ఫలితాలొచ్చిన వారానికి మా అన్న ఫోన్‌కి ఒకాయన కాల్ చేశాడు. నంబరు ఎక్కడ దొరికిందో తెలీదు. "మీ అమ్మాయికి క్వాలిఫై మార్కులున్నాయండీ, డెంటల్ సీటు ఇప్పిస్తాం, మేనేజ్‌మెంట్ కోటా." ఎంత అని అడిగితే చెప్పాడు. మా అన్న ఆటో నడుపుతాడు. ఫోన్ పెట్టేసి, "ఒరే, ఆ మార్కులకు సీటు రాదన్నారుగా?" అని నన్ను అడిగాడు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సగం, మిగతా సగం మేనేజ్‌మెంటుకీ ఎన్ఆర్ఐలకీ అని వివరించాను. అంతా విని, "అయితే మార్కులు చాల్లేదనొద్దు. డబ్బులు చాల్లేదను" అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో రాస్తున్నదాన్ని వాడు ఒక్క ముక్కలో చెప్పాడు.

ఇంకో సంగతి. అమెరికాలో డెంటల్ కాలేజీలకు 1950 నుంచి విడిగా ప్రవేశ పరీక్ష ఉంది. మొదట్లో ఆ పరీక్షలో సుద్దముక్క చెక్కడం ఒక భాగం. కొలతలిచ్చి, కత్తి ఇచ్చి, ఆ ఆకారం చెక్కమనేవాళ్ళు. చేతి పని వచ్చా లేదా చూసేవాళ్ళు. 1972లో దాన్ని తీసి కాగితం మీద ఆకారాలు గుర్తుపట్టే ప్రశ్నలు పెట్టారు. మన నీట్‌లో చేతికి పరీక్షే లేదు. కానీ బీడీఎస్‌లో చేరాక మొదట చేయించేది మైనంలో పళ్ళు చెక్కడం.

అది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆరె, రంపె ముందేసుకుని కూర్చుంటే గీత గీయకుండా తోలు కోసేవాడు, వేలెడంత తేడా వచ్చేది కాదు. ఆ నేర్పు పుట్టుకతో వచ్చింది కాదు. కులం ఇచ్చింది కూడా కాదు, కులం దానికి కూలి మాత్రం ఇవ్వలేదు. అరవై ఏళ్ళ పని ఇచ్చింది. ఆ చేతిని ఈ దేశం మైల అంది. అదే పని స్టీలు పరికరంతో, తెల్లకోటు వేసుకుని చేస్తే డాక్టరు గారూ అంటుంది.

ఇక చివరిగా నా తప్పు ఒప్పుకోవాలి. పోయినసారి సీటు రానప్పుడు నేనే దానితో, "నర్సింగ్‌లో చేరమ్మా, ఉద్యోగం తొందరగా వస్తది" అన్నాను. నర్సింగ్ తక్కువని కాదు. మీటింగుల్లో అంబేద్కర్ ఫొటో ముందు నిలబడి ఆకాశం మనదే అని అరిచే నేను, ఇంట్లో పిల్లకు పైకప్పు చూపించాను. మా వదినే నన్ను ఆపింది. గుంటూరు యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసి, చేతులు మంటలెత్తి, రాత్రి వెన్న రాసుకుంటూ కూర్చుంది. "ఏందబ్బాయ్, దాన్ని రాయనీ. ఇంకో ఏడు నా చేతులు మండితే మండినయ్. దాని చేతులకి ఈ మంట వద్దు."

ఆ మాట తర్వాత మా కాలనీ అంబేద్కర్ భవన్‌లో పక్క గది శుభ్రం చేశాం. రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఇప్పుడు అయిదుగురు పిల్లలు చదువుతున్నారు. పొద్దున నాలుగున్నరకు బయాలజీ, ఎన్‌సీఈఆర్‌టీ లైను లైనుకీ. మొత్తం మార్కుల్లో సగం దానిదే. ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి పాత ప్రశ్నాపత్రం, గడియారం పెట్టుకుని, జిరాక్స్ తీసిన ఓఎంఆర్ షీటు మీద. నా అరగంట వీళ్ళకు పోకూడదు. తప్పు రాసినవి విడిగా ఒక నోట్‌బుక్‌లో ఎక్కిస్తారు. ఫిజిక్స్‌కి మాత్రం మాకు మనిషి లేడు. గురుకులంలో చదివి ఇప్పుడు హౌస్ సర్జన్ చేస్తున్న ఒక తమ్ముడు రాత్రి తొమ్మిదికి వీడియో కాల్‌లో చెప్తున్నాడు, డ్యూటీ లేనప్పుడు.

పరీక్ష రోజు బూట్లు వేసుకోకూడదు, మామూలు చెప్పులతోనే రావాలని రూలు ఉంది. మా అన్న అది విని నవ్వాడు. మా తాత ఊళ్ళోకి వెళ్తే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేవాడు. చెప్పులు కుట్టింది ఆయనే. ఇప్పుడు మనవరాలు చెప్పులేసుకునే లోపలికి పోవాలట, రూలు ప్రకారం.

సీటు వస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే అయిదేళ్ళ తర్వాత ఒకరోజు, మా ఊళ్ళో మాకు గ్లాసు విడిగా పెట్టిన ఇంట్లోంచే ఎవరో పంటి నొప్పితో వస్తారు. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుస్తారు. ఈ పిల్ల లైటు వేసి, గ్లవ్స్ వేసుకుని, నోట్లో చెయ్యి పెడుతుంది. గార పళ్ళతో వచ్చిన ఏ పిల్లనీ "తోముకోవా" అని అడగదు, "మీ ఊరి నీళ్ళు ఎక్కడివమ్మా" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఆ కుర్చీ పక్కన మన మనిషి ఉండాలి.

మీ ఇంట్లో పాత ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలుంటే తూకానికి వెయ్యకండి. మీ ఊళ్ళో రాసే పిల్లలుంటే వాళ్ళకు ఇవ్వండి, లేకపోతే నాకు చెప్పండి. ఫిజిక్స్ చెప్పగలిగినవాళ్ళు వారానికి ఒక్క గంట ఇవ్వండి. మెసేజ్ పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

వచ్చే ఆదివారం 18వ భాగం: సీటు వచ్చాక ఏమవుతుంది, హాస్టల్ గదిలో కులం ఎలా అడుగుతారు.

జై భీమ్.